వీధంతా ఒళ్లు చేస్తుంటే: విజయవాడలో అపార్టుమెంట్లు, బడులు, ఆఫీసులు కలిసి చేయాల్సిన పనులు

ఒకరో ఇద్దరో లావెక్కితే నోరు కట్టుకోలేకపోయారని సరిపెట్టుకోవచ్చు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 36 శాతం మందికి, మగవాళ్లలో 31 శాతం మందికి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉందని, అంటే బరువు ఎక్కువని తేలింది. దేశం మొత్తమ్మీద చూస్తే ఆ లెక్కలు 24, 23. ముగ్గురిలో ఒకరికి ఒకే తరంలో నిగ్రహం సన్నగిల్లిపోయిందంటే ఎవరూ నమ్మరు. మారింది మనుషులు కాదు, వాళ్ల చుట్టూ ఉన్న ఏర్పాటు: నూనె ధర, బడి పనివేళలు, షాపు మూసే టైము, ఫుట్‌పాత్, పెళ్లిలో వడ్డన. అందుకే ఈ సూచనలు బరువు తగ్గాలనుకునే ఒక్క మనిషికి కాదు. అపార్టుమెంటు అసోసియేషన్‌కి, బడిలో తల్లిదండ్రుల కమిటీకి, ఆఫీసులో టీ ఖర్చు చూసే మేనేజరుకి, పెళ్లికి మెనూ రాయించే ఇంటి పెద్దకి.

ఇంతమందికి ఎందుకు వచ్చింది

కృష్ణా, గుంటూరు డెల్టాలో అన్నం ఎప్పుడూ ఎక్కువే తిన్నారు. నాట్లు, కోతలు, బస్తాలు మోయడం ఉన్నన్నాళ్లూ ఆ అన్నం ఖర్చయింది. పని కుర్చీలోకి మారింది, కంచం మాత్రం అలాగే ఉంది. పైగా కంచంలోకి నూనె చేరింది. పామాయిలు, మైదా, చక్కెర చవక. కూరగాయలు, పప్పు, గుడ్లు, పండ్లు వాటితో పోలిస్తే ఖరీదు. కడుపు నిండాలంటే చవకగా దొరికేవి కేలరీలే కాబట్టి ఊబకాయం డబ్బున్నవాళ్ల జబ్బు కాకుండా పోయింది. ఒకే ఇంట్లో తల్లికి బొజ్జ, బిడ్డకి రక్తహీనత ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు.

ఇంకోటి టైము. గవర్నరుపేట, బీసెంట్ రోడ్డు షాపుల్లో పనిచేసేవాళ్లు రాత్రి షట్టర్ దించాక ఇంటికి చేరి, పదిన్నరకి అన్నం తిని పడుకుంటారు. మధ్యలో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా ఆకలికి పునుగులు, బజ్జీలు, టీ. నిద్ర ఆరు గంటలకు తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదకి, నూనె మీదకి పోతుంది. ఇక నడక సంగతి. మార్చి మధ్య నుంచి జూన్ దాకా ఉదయం ఎనిమిది దాటితే బయట అడుగు పెట్టలేం. ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, పార్కింగ్. అరకిలోమీటరుకి కూడా స్కూటీ తీయడం బద్ధకం అనుకుంటాం గానీ, అది చాలావరకు రోడ్డు మీద ఆధారపడ్డ లెక్క.

మనవాళ్ల ఒంటి తీరు కూడా ఉంది. తక్కువ బరువుకే కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, షుగరు ముందే వస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు 25, 30 అయితే, భారతీయులకు డాక్టర్లు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. సర్వే లెక్కలు 25తో తీసినవి. 23తో తీస్తే ఇంకా పెద్దవి వస్తాయి.

థైరాయిడ్ వల్లేనేమో అని అడిగేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. పరీక్ష చేయించడం మంచిదే. కానీ థైరాయిడ్ లోపంతో పెరిగే బరువు మామూలుగా కొద్ది కిలోలే, అందులోనూ చాలాభాగం నీరు. ఇరవై కిలోలు ఎక్కువున్నప్పుడు దాని మీదకి నెట్టేస్తే అసలు కారణం దాక్కుంటుంది.

ముందు కొలవండి, చాటుగా

కొలత లేకుండా మొదలుపెట్టిన కార్యక్రమం యోగా డే ఫొటోగా మిగులుతుంది. ఒక ఆదివారం ఉదయం టిఫిన్‌కి ముందు ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా పెట్టుకోండి. కావాల్సినవి డిజిటల్ త్రాసు, సాగని టేపులు రెండు, బీపీ మిషను, ఒక అట్టపుస్తకం, కర్టెను. త్రాసు గట్టి నేల మీదే పెట్టాలి, కార్పెట్ మీద పెడితే తప్పు చూపిస్తుంది. సీలు తీయని 10 కిలోల బియ్యం సంచులు రెండు పెట్టి 20 దగ్గర ఆగుతోందో లేదో ముందే చూసుకోండి. ఎత్తుకి గోడ మీద నేల నుంచి టేపు అతికించండి. చెప్పులు లేకుండా మడమలు, పిరుదులు, వీపు గోడకి ఆనించి నిలబెట్టి, తల మీద పుస్తకం గోడకి లంబంగా ఆనేలా పెట్టి చదవాలి. ఆడవాళ్లకి జడ ముడి అడ్డొస్తే విప్పి కొలవాలి.

బీఎంఐకి బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకుని, బరువును ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే చాలు. 68 కిలోలు, 1.58 మీటర్లు అయితే 27.2 వస్తుంది.

నడుము కొలత ఇంతకంటే ముఖ్యం, దాన్నే ఎక్కువమంది తప్పు కొలుస్తారు. ప్యాంటు సైజు నడుము కాదు. పక్కన ఆఖరి పక్కటెముక అంచు, తుంటి ఎముక పైఅంచు వేలితో తడిమి, రెంటికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. టేపు నేలకి సమాంతరంగా ఉండాలి. మామూలుగా ఊపిరి వదిలాక చదవాలి. పొట్ట లోపలికి లాక్కోవడం ఎలాగూ జరుగుతుంది కాబట్టి రెండుసార్లు కొలవండి. మగవాళ్లకి 90 సెం.మీ., ఆడవాళ్లకి 80 సెం.మీ. దాటితే జాగ్రత్తపడాలి. చీర మీద కొలిస్తే కుచ్చిళ్లే రెండు మూడు సెంటీమీటర్లు తింటాయి. ఆడవాళ్లని ఆడవాళ్లే కర్టెను వెనక కొలవాలి.

అంకెలు చీటీ మీద రాసి ఆ మనిషి చేతికే ఇవ్వాలి. పైకి చదవకూడదు, వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. 'ఆంటీ బాగా ఒళ్లు చేశారే' అన్న ఒక్క మాటకి వచ్చే ఆర్నెల్లూ రాకుండా పోయేవాళ్లుంటారు, కార్యక్రమం అవసరం ఎక్కువ ఉన్నది వాళ్లకే. అసోసియేషన్ దగ్గర పేర్లు లేని మొత్తం లెక్క ఉంటే చాలు: ఎంతమంది వచ్చారు, ఎంతమందికి నడుము హద్దు దాటింది. పిల్లల్ని ఇక్కడ తూచొద్దు. వాళ్ల కొలత వేరే.

బరువు తగ్గే పోటీలు పెట్టొద్దు. నెలలో ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్లకి మిక్సీ బహుమతి అన్నారంటే, నాలుగు రోజులు కడుపు మాడ్చుకుని, కండ పోగొట్టుకుని గెలిచినవాళ్లు దీపావళికల్లా మొదటికొస్తారు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి మానేస్తే షుగరు పడిపోయి ప్రమాదం కూడా.

నూనె లెక్క

ఏదో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, చెప్పే 2000 కేలరీల రోజు కంచంలో నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి మనిషికి 27 గ్రాములు. టీ స్పూనుతో ఆరు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకి 3,240 గ్రాములు, అంటే లీటరు ప్యాకెట్లు మూడున్నర. ఇక్కడ ఒక చిన్న మెలిక. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు లీటరు ప్యాకెట్‌లాగే కనబడే 850, 870 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. ప్యాకెట్ల సంఖ్య కాదు, మీద రాసిన గ్రాములు చూడాలి.

లెక్క పెట్టడం తేలిక. వంటింటి అల్మారా తలుపు లోపల ఒక కాగితం అతికించండి. ప్యాకెట్ కత్తిరించిన రోజున తేదీ, గ్రాములు రాయండి. నెయ్యి సీసాకీ అంతే. నెలాఖరున కూడి, రోజులతో, మనుషులతో భాగించండి. ఐదేళ్లలోపు పిల్లల్ని సగం మనిషిగా లెక్కేయండి. బయట తిన్న ప్రతి టిఫిన్‌కి, భోజనానికి పక్కన ఒక గీత గీయండి. గీతలు ఇరవై దాటితే ఇంటి లెక్క తక్కువొచ్చినా సంతోషపడక్కర్లేదు. ఆవకాయ నెలలో నువ్వులనూనె ఒక్కసారిగా ఖర్చవుతుంది. దాన్ని ఆ నెలలో వేయకుండా పన్నెండు నెలలకి పంచండి, లేకపోతే ఏప్రిల్, మే లెక్క చూసి ఇంటావిడ మీద పడతారు.

నెలకి ఆరు లీటర్లు వాడే నలుగురి ఇంట్లో మనిషికి రోజుకి 45 గ్రాములు పడుతుంది. దీన్ని ఒక్కసారిగా 27కి దించితే వారంలో ఇంట్లో తిరుగుబాటు వస్తుంది, ఆన్‌లైన్ ఆర్డర్లు పెరుగుతాయి. నెలకి పదో వంతు చొప్పున తగ్గించండి. 45 నుంచి 40, 36, 33, 29, అయిదో నెలకి 27 దగ్గరికి వస్తుంది. నాలుకకి తేడా తెలియదు.

ఎక్కడ తగ్గాలో కూడా చెప్పాలి, లేకపోతే మాట మిగులుతుంది. క్యాన్ నుంచి నేరుగా బాణలిలోకి పోయడం ఆపి, రోజు కోటా ఉదయమే చిన్న గిన్నెలోకి కొలిచి పెట్టుకోవాలి, నలుగురికైతే 24 స్పూన్లు. గిన్నె ఖాళీ అయితే ఆ రోజుకి అంతే. దొండకాయ, బెండకాయ, అరటికాయ వేపుళ్లకి అరకిలో ముక్కలకి ఉప్పు వేసి, మూత పెట్టి, సన్న మంట మీద వాటి నీటితోనే ముప్పావు వంతు మగ్గనిచ్చి, మూత తీసి నీరు ఇగిరాక రెండు మూడు స్పూన్ల నూనె వేసి ఎర్రగా వేయించాలి. బెండకాయని మాత్రం మూత పెట్టకుండా, జిగురు పోయేదాకా వదిలేయాలి. గుత్తివంకాయలో వంకాయ నూనె పీల్చుకుంటుంది, ముందు ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టి కూరితే ఆ దాహం తగ్గుతుంది. పల్చటి స్టీలు మూకుడులో కూర అంటుకుంటుందనే చాలామంది నూనె ఎక్కువ పోస్తారు. అడుగు మందంగా ఉన్న ఇనుప బాణలి కొంటే ఆ నూనె మిగులుతుంది. ముక్కలు ఒకేసారి గుమ్మరించినా, నూనె సరిగా కాగకపోయినా బజ్జీలు, గారెలు నూనె తాగేస్తాయి. 170, 180 డిగ్రీల దగ్గర, నాలుగైదు చొప్పున వేయాలి.

కాచిన నూనెని మళ్లీ మళ్లీ కాచడం గురించి ఒక మాట. నల్లబడ్డ నూనెలో కేలరీలు ఎక్కువేం ఉండవు, దానితో చెడేది గుండె. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే కాచినకొద్దీ పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే వంటకి వాడకూడదు. వీధి చివర బండి అతనితో గొడవ పడే ముందు, పాత నూనె కొని బయోడీజిల్‌కి పంపే వ్యవస్థ ఉందని చెప్పడం మేలు. అతను పారబోయలేనిది డబ్బు పోతుందనే.

అన్నం తగ్గించడం కాదు, పక్కన పెంచడం

రైస్ కుక్కర్‌తో ఇచ్చే కప్పు 180 మిల్లీలీటర్లు, అందులో సుమారు 150 గ్రాముల బియ్యం పడుతుంది. ఆఫీసు పని చేసుకునే ఇద్దరికి ఒక పూటకి ఆ ఒక్క కప్పు చాలు. అయితే అంతవరకే చేసి ఊరుకుంటే నాలుగింటికి బజ్జీ బండి దగ్గర తేలతారు. తగ్గిన అన్నం చోట పప్పు, గుడ్డు, కూర రావాలి. ఎన్ఐఎన్ కంచంలో పప్పుదినుసులు మనిషికి రోజుకి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. నలుగురికి నెలకి పప్పు, శనగలు, పెసలు కలిపి పది కిలోలు. గుడ్లు, చేపలు, కోడి తినే ఇళ్లలో అంత అక్కర్లేదు గానీ, మీ సరుకుల చీటీలో ఎన్ని కిలోలు ఉన్నాయో ఒకసారి చూసుకోండి. పప్పుచారులో పప్పు వెతుక్కునే ఇళ్లే ఎక్కువ.

కూరగాయలు అపార్టుమెంటు స్థాయిలో చేయదగ్గ పని. ఇరవై ఫ్లాట్లు, ఫ్లాటుకి నలుగురు, మనిషికి 250 గ్రాములతో మొదలుపెట్టినా రోజుకి 20 కిలోలు. వారానికి రెండుసార్లు ఉదయం ఆరింటికల్లా పటమట రైతు బజారు లాంటిచోట 70 కిలోలు తెచ్చుకుంటే ఒక ఆటోలో వస్తుంది. ముందురోజు రాత్రి తొమ్మిదిలోగా గ్రూపులో ఎవరికేం కావాలో రాయాలి, డబ్బు ముందే కట్టాలి. అప్పు పెట్టుకున్న చోటల్లా ఇది మూడో వారానికి ఆగిపోతుంది. ఆకుకూరలు సాయంత్రానికి వాడిపోతాయి, వాటిని తెచ్చిన పూటే పంచాలి.

టిఫిన్ దగ్గర బెజవాడ వాళ్లతో వాదన పెట్టుకోవడం సాహసమే. ఇడ్లీ మంచి టిఫిన్, అందులో సందేహం లేదు. కానీ కారప్పొడి మీద రెండు పెద్ద స్పూన్ల నెయ్యి పోస్తే ఆ నెయ్యికే 240 కేలరీలు, కింద ఉన్న రెండు ఇడ్లీలని మించిపోతుంది. పెసరట్టులో ప్రొటీన్ ఉంది, మధ్యలో పెట్టే ఉప్మా మానేస్తే ఇంకా బాగుంటుంది. పూరీ, మైసూర్ బజ్జీ, పునుగులు వారానికి ఒక్క రోజు. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుందని, పల్లీ చట్నీ గరిటెలతో పోసుకునేది కాదని గుర్తుంటే చాలు.

బడి, కాలేజీ

ఇక్కడ చట్టం మనవైపే ఉంది, అడిగేవాళ్లు లేరు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువ ఉన్న తినుబండారాలను బడి క్యాంటీన్‌లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదు, ప్రకటనలు పెట్టకూడదు. ఆహార భద్రతా సంస్థ 2020లో తెచ్చిన నిబంధన ఇది. తల్లిదండ్రుల కమిటీ చేయాల్సిందల్లా గేటు నుంచి టేపుతో 50 మీటర్లు కొలిచి, ఆ లోపల ఏయే దుకాణాలు ఏం అమ్ముతున్నాయో రాసి, హెడ్ మాస్టరుకి ఒక కాపీ, ఫుడ్ సేఫ్టీ అధికారికి ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోవడం. బండివాళ్లని తరిమేయమని రాయొద్దు. సాయంత్రానికి వాళ్లు పక్క సందులో ఉంటారు. ఏం అమ్మొచ్చో చెప్పండి: ఉడికించిన పల్లీలు, మొక్కజొన్న, జామకాయలు ఉప్పూకారంతో, మజ్జిగ, గుగ్గిళ్లు.

గుగ్గిళ్లకి 40 మంది పిల్లలకి శనగలు 1.2 కిలోలు. ఎనిమిది గంటలు నానబెట్టి, ఉప్పు వేసి కుక్కర్‌లో మెత్తగా, చితకకుండా ఉడికించి, అయిదు స్పూన్ల నూనెతో తాలింపు పెట్టాలి. నానడం తక్కువైతే పిల్లలకి కడుపు ఉబ్బుతుంది, మర్నాడు తల్లులు ఫోన్లు చేస్తారు. మజ్జిగకి లీటరు పెరుగు, నాలుగు లీటర్ల నీళ్లు, పాతిక గ్లాసులు. ఉదయం చిలికింది మే నెలలో పదకొండుకల్లా పులుస్తుంది, అందుకే విరామానికి గంట ముందే చిలకాలి.

ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో చూపే చక్కెర బోర్డు కూడా పెట్టండి. సీబీఎస్ఈ తన బడులన్నిటినీ 2025 మేలో ఇలాంటివి పెట్టమంది. రాష్ట్ర సిలబస్ బడులు పెట్టకూడదని ఎక్కడా లేదు. పిల్లలతోనే చేయించాలి: ఖాళీ సీసాలు తెచ్చి, లేబుల్ మీద 100 మి.లీ.కి ఎన్ని గ్రాముల చక్కెరో చూసి, సీసా పరిమాణంతో గుణించి, వందతో, ఆ తర్వాత అయిదుతో భాగిస్తే స్పూన్లు వస్తాయి. 11 గ్రాములని ఉంటే 600 మి.లీ. సీసాలో 66 గ్రాములు, 13 స్పూన్లు. పెద్దవాళ్లకే రోజంతా కలిపి 25 గ్రాములు చాలంటారు. మామిడి రసం డబ్బాలు కూడా తెప్పించండి. పండు బొమ్మ చూసి మంచిదనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

పిల్లలకి రోజుకి గంట ఆట కావాలి. గూడవల్లి, నిడమానూరు వైపు రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లే. పదహారేళ్ల పిల్ల రెండేళ్లలో పది కిలోలు పెరిగి, నెలసరి తప్పి ఇంటికొస్తే ఆ ర్యాంకుకి అది కూడా ఫీజే. గ్రౌండు లేదంటే వరండాలో, మేడ మీద చేయించొచ్చు. ఉదయం 20 నిమిషాలు, సాయంత్రం 40 నిమిషాలు టైంటేబుల్‌లో అచ్చేసి ఉండాలి, అడ్మిషన్ అప్పుడే రాతపూర్వకంగా అడగాలి, చేరాక అడిగితే వినేవాళ్లుండరు. ఆదివారం చూడ్డానికి వెళ్లే తల్లిదండ్రులు బిర్యానీతోపాటు రెండు సంచుల బేకరీ సరుకు దించి రావడం మానాలి. అది వారమంతా మంచం కింద ఉంటుంది.

ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం ఉంది, గుడ్డు ఉంది. అక్కడ సమస్య వేరు, ఇంకా తిండి చాలని పిల్లలున్నారు. కాబట్టి బడిలో 'తగ్గించండి' అన్న మాటే వాడొద్దు. లావుగా ఉన్న పిల్లల్ని కూడా డైటు చేయించకూడదు. ఎత్తు పెరుగుతున్నకొద్దీ బరువు నిలకడగా ఉంటే చాలు. పిల్లల బీఎంఐని వయసు, ఆడ-మగ చార్టులో చూడాలి, 23, 25 హద్దులు వాళ్లకి పనికిరావు.

నడక

నడకతో బరువు తగ్గుతుందని ఆశ పెట్టి పిలవొద్దు. అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది 130, 150 కేలరీలు, ఒక్క ప్లేటు బజ్జీతో తిరిగొచ్చేస్తుంది. నడక షుగరుని అదుపులో పెడుతుంది, తగ్గిన బరువుని తిరిగి రానీయదు. ఈ మాట ముందే చెప్పకపోతే రెండో నెలలో త్రాసు చూసి మానేస్తారు. వారానికి 150 నిమిషాలు లక్ష్యం. నిమిషానికి వంద అడుగులు పడితే అది చురుకైన నడక. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి.

ఎండాకాలంలో ఏడుకి ముందు, లేదా సాయంత్రం ఆరున్నర తర్వాత. మేడ మీద అయితే చుట్టు కొలిచి గోడ మీద రాయండి. 60 మీటర్ల చుట్టు అయితే 17 చుట్లకి కిలోమీటరు. డిష్ తీగలు, వాటర్ ట్యాంకు పైపులు ముందు సర్దించాలి. సాయంత్రం చీకట్లో వాటికి తట్టుకుని పడేవాళ్లుంటారు.

వీధి కోసం అర్జీ రాసేటప్పుడు 'ఫుట్‌పాత్‌లు బాగుచేయాలి' అని రాస్తే అది ఫైలులో పడుతుంది. ఏ మూల నుంచి ఏ మూలకి, ఎన్ని మీటర్లు, ఎన్నిచోట్ల ఏం అడ్డముంది, ఎన్ని లైట్లు వెలగడం లేదు, పార్కు ఎన్నింటికి తెరుస్తున్నారు, ఎన్నింటికి తెరవాలి, ఇవి రాసి ఫొటోలు జత చేయండి. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి. రెండు వారాల్లో కదలిక లేకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం, ఆ రసీదు నంబరుతో ఇవ్వండి. లైట్లు, కుక్కల బెడద ఈ రెండూ ముందు పెట్టండి. ఆడవాళ్లు నడవకపోవడానికి ఎక్కువసార్లు కారణం అవే.

ఆఫీసు, షాపు

ఇక్కడ చెప్పేది కొద్దే. టీ చక్కెర లేకుండా తెప్పించి, చక్కెర పక్కన పెట్టండి. రోజుకి నాలుగు టీలు, టీకి రెండు స్పూన్లు అంటే 40 గ్రాములు, అది ఎవరూ అడగకుండానే తగ్గుతుంది. మీటింగుల్లో సమోసా, బిస్కట్ల బదులు వేయించిన శనగలు, అరటిపండ్లు. షాపుల్లో మాత్రం అసలు మందు రాత్రి భోజనం టైము. ఏడున్నరకి వంతులవారీగా ఇరవై నిమిషాలు వదిలితే సిబ్బంది ఇంటినుంచి తెచ్చుకున్నది అప్పుడే తింటారు, బజ్జీ బండి బేరం పోతుంది, పదిన్నర భోజనం గ్లాసు మజ్జిగకి తగ్గుతుంది. గద్దె మీద కూర్చునే యజమానులకీ ఇదే, వాళ్లు గంటకోసారి లేచి గోడౌన్ దాకా వెళ్లొస్తే ఇంకా మేలు.

పెళ్లి మెనూ

క్యాటరింగ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఐటమ్‌లు తగ్గించమంటే పరువు అడ్డొస్తుంది. వరస మార్చమనండి. బఫేలో మనిషి కంచం ముందున్నవాటితోనే నిండుతుంది. మొదట కీరా, క్యారెట్, మొలకలు, తర్వాత పప్పు, కూరలు, ఆ తర్వాతే అన్నం, పులిహోర, ఆఖర్న వేపుడు, స్వీటు. మూడు స్వీట్ల బదులు ఒకటే, అదీ మంచిది. కూల్‌డ్రింకుల బదులు వేసవిలో మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు. కూర్చోబెట్టి వడ్డించే చోట మారు వడ్డనకి అన్నం గిన్నె కాకుండా కూర గిన్నె తిప్పించండి. 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంటూ కొసరే అలవాటు పోదు, అందుకని కొసరేది మార్చాలి. కార్తీక వనభోజనాలకీ ఇదే సూత్రం.

పైవాళ్లని అడగాల్సినవి

మెక్సికో 2014లో తీపి పానీయాల మీద లీటరుకి ఒక పెసో పన్ను వేసింది. బ్రిటన్ 2018లో చక్కెర ఎంతుంటే అంత పన్ను అంది, దాంతో కంపెనీలు పన్ను తప్పించుకోడానికి చక్కెరే తగ్గించాయి. మన దగ్గర గ్యాసు నింపిన కూల్‌డ్రింకుల మీద పన్ను 40 శాతం, చిన్నదేమీ కాదు. కానీ చక్కెర ఉన్నా లేకపోయినా అంతే కాబట్టి తగ్గించడానికి కంపెనీకి కారణం లేదు. చిలీలో 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు హద్దు దాటిన ప్యాకెట్ ముందువైపు నల్ల గుర్తు ఉంటుంది, చదువు రానివాళ్లకీ అర్థమవుతుంది. మనకి ఆ వివరం వెనకవైపు, చీమ తలకాయంత అక్షరాల్లో. ఎమ్మెల్యే, ఎంపీ మీ కాలనీకి వచ్చినప్పుడు కమ్యూనిటీ హాలుతోపాటు ఈ రెండూ అడగండి: చక్కెర కొద్దీ పన్ను, ముందువైపు గుర్తు.

డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్లాలి

ముప్పై దాటిన వాళ్లందరికీ బీపీ, షుగరు పరీక్ష పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఆశా కార్యకర్త దగ్గర వయసు, పొగాకు, మద్యం, నడుము, వ్యాయామం, కుటుంబ చరిత్ర అడిగే ఫారం ఉంటుంది, అందులో నాలుగు మార్కులు దాటినవాళ్లని ముందు పంపుతారు. కొలతలు తీసే ఆదివారం వీటిని విడిగా చూడండి: గట్టిగా గురక, పగలు కూర్చునే నిద్రపోవడం, నెలసరి తప్పడం, మెడ వెనక నల్లగా మందంగా మారడం, కొద్ది నెలల్లోనే ఉన్నట్టుండి బరువు పెరగడం. కీళ్లనొప్పులకి పేరు లేని పొడులు, మాత్రలు ఏళ్ల తరబడి వాడేవాళ్లని తప్పక అడగండి. వాటిలో స్టెరాయిడ్ కలుస్తుంటుంది, ఒళ్లు ఉబ్బేది దానివల్లే అయితే ఎంత నడిచినా తగ్గదు. అలాగని ఒక్కసారిగా మానేయమని చెప్పొద్దు, అది ప్రాణం మీదకి తెస్తుంది. డాక్టరే మెల్లగా తగ్గించాలి.

2025లో మన మార్కెట్లోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు పనిచేస్తాయి, కానీ డాక్టరు రాసిస్తేనే వాడాలి, ఆపితే బరువు చాలావరకు తిరిగొస్తుంది. జిమ్‌లోనో, తెలిసినవాళ్ల దగ్గరో కొనేవి కావు.

ఆర్నెల్ల తర్వాత అదే త్రాసు, అదే టేపు, అదే టైముకి మళ్లీ కొలవండి. 68 కిలోలున్నవాళ్లు మూడున్నర కిలోలు తగ్గినా అది 5 శాతం, షుగరులో, బీపీలో తేడా కనిపించడానికి అంత చాలు. ఎవరి బరువూ మారకపోయినా నూనె కాగితాల మీద గ్రాములు తగ్గి, నడుము హద్దు దాటినవాళ్ల సంఖ్య పెరగకుండా ఆగితే కార్యక్రమం ఆపొద్దు. రెండోసారి రానివాళ్ల ఇళ్లకి మాత్రం ఒకరు వెళ్లి, బరువు మాట ఎత్తకుండా, టైము కుదరలేదా, కర్టెను సరిపోలేదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగి రావాలి.